కోహిమా కొండకు నీళ్ళు మోసినవాడు

పోయిన నెల ఖమ్మంలో మా కాలేజీ పాత విద్యార్థుల సభ జరిగింది. వచ్చిన అతిథి రెండో ప్రపంచ యుద్ధంలోని మలుపుల మీద మాట్లాడాడు. బాగానే మాట్లాడాడు. స్టాలిన్‌గ్రాడ్ మంచులో జర్మన్లు ఎట్లా ఇరుక్కున్నారో, మిడ్‌వే దగ్గర జపాను ఓడలు ఎట్లా మునిగాయో, ఎల్ అలమీన్ ఎడారిలో ఎవరు ఎవరిని తరిమారో కళ్ళకు కట్టినట్టు చెప్పాడు. చివర్లో గ్లాసెడు మంచినీళ్ళు తాగి, "అదృష్టం కొద్దీ ఆ యుద్ధం మన అడవుల దాకా రాలేదు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పక్కనున్న స్నేహితురాలు కొంగు పట్టుకుని లాగుతున్నా లేచి నిలబడి, "వచ్చింది సార్, మా ఇంటికే వచ్చింది" అన్నాను. ఆయన మర్యాదగా నవ్వాడు. టైమైపోయిందని ఎవరో మైకు తీసేసుకున్నారు, అందరినీ భోజనాలకు లేపారు. వంకాయ కూర అద్భుతంగా ఉందని చుట్టూ మెచ్చుకుంటుంటే నాకు ముద్ద దిగలేదు. అక్కడ మైకు ఇవ్వలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఇక్కడ నన్ను కూర్చోమనేవాళ్ళు లేరు.

మాది దమ్మపేట దాటి అడవిలోకి పోయే దారిలో ఒక కోయగూడెం. నేను డిగ్రీ ముగించి, ఎం.ఏ. చరిత్ర ఎంట్రన్సుకు చదువుకుంటూ ఇంటి పట్టున ఉన్న ఎండాకాలం సంగతి ఇది. కొత్త శతాబ్దం మొదలై అప్పటికి కొన్నేళ్ళే అయింది. అది తునికాకు కోసే కాలం. నాయన, అమ్మ కోడి కూయకముందే అడవికి పోయి, ఎండ ముదిరే వేళకు ఆకు మూటలు నెత్తిన పెట్టుకుని వచ్చేవాళ్ళు. జొన్న జావ తాగి, తాటాకు పందిరి కింద అందరం చుట్టూ కూర్చుని ఆకులను కట్టలు కట్టేవాళ్ళం. వాకిట్లో చాప మీద ఇప్పపూలు ఎండుతుండేవి. ఆ వాసన మత్తుగా, కొంచెం వెగటుగా ఇల్లంతా పట్టేసి ఉండేది. డిగ్రీ రోజుల్లో సెలవులయ్యాక ఖమ్మం హాస్టలు గదికి తిరిగి వెళ్ళినా నా పుస్తకాల్లోంచి ఆ వాసన చాన్నాళ్ళకు గానీ పోయేది కాదు. స్నేహితురాళ్ళు ముక్కు మూసుకుంటే మొదట్లో సిగ్గుపడేదాన్ని, తర్వాత మానేశాను.

పందిరి కింద రాజ్యం మా నాయనమ్మది. పేరు కన్నమ్మ. ఎండిన మనిషి, గొంతు మాత్రం వాగు అవతలికి వినపడేది. చెవి మీద సగం కాల్చిన చుట్ట, నడుముకు చిన్న కొడవలి, ఈ రెండూ లేకుండా ఆమెను నేను చూడలేదు. నేను పుస్తకం పట్టుకుని ఒక మూల కూర్చుంటే ఊరుకునేది కాదు. "నోట్లె గొణుక్కుంటే సదువైతదాయె? గట్టిగ సదువు, మేము గూడ ఇంటం" అనేది. మా ఇంట్లో కోయ మాట, తెలుగు మాట కలిసే నడిచేవి కాబట్టి నేను తెలుగులో చదివి, అర్థం కాని చోట కోయలో చెప్పేదాన్ని. అట్లా మా ఇంట్లో తునికాకు కట్టలతో పాటు ఫ్రెంచి విప్లవమూ, రష్యా విప్లవమూ నడిచాయి. రాజు తల నరికారంటే నాయనమ్మ తల ఊపి, ఆ తర్వాత వచ్చినవాడు ఎట్లాంటి వాడో అడిగింది.

ప్రపంచ యుద్ధం దగ్గరికి వచ్చేసరికి ఆమె నా కంటే ముందు నడిచింది. ఆ యుద్ధం నాటికి తను పన్నెండు పదమూడేళ్ళ పిల్ల. పుట్టిల్లు గోదావరి అవతల, భద్రాచలం అడవిలో. అప్పట్లో ఇటు నైజాం, అటు తెల్లదొరల ఏలుబడి. యుద్ధం ఎక్కడెక్కడ మలుపు తిరిగిందో నా పుస్తకంలో ఊళ్ళ పేర్లతో ఉంటే, ఆమెకు ఇంట్లో సామాన్లతో గుర్తు. మొదట కిరసనాయిలు మాయమైంది. తర్వాత ఉప్పు. తర్వాత బట్ట ఎంత కరువైందంటే వాళ్ళమ్మ ఒక చీరను రెండు చేసి, సగం తను కట్టుకుని సగం బిడ్డకు కట్టింది. కాకినాడ మీద బాంబు పడిందని గోదావరి లాంచీ వాళ్ళు మోసుకొచ్చిన కబురుకు గూడెం గూడెమంతా వారం పాటు ఆకాశం చూస్తూ నడిచిందట. ఆ తర్వాత కంట్రాక్టరు మనుషులు వచ్చి టేకు చెట్లకు గుర్తులు వేశారు. అంతకు ముందెన్నడూ చూడనన్ని చెట్లు పడ్డాయి, తెప్పలు కట్టి గోదావరిలో తోశారు. రంగూను జపాను చేతికి పోయి బర్మా టేకు ఆగిపోయింది కాబట్టి మా టేకు మీద పడ్డారని నేను పుస్తకం చూసి చెప్తే, "గదా సంగతి" అని చుట్ట వెలిగించుకుంది. చెట్లతో పాటు మనుషులకూ గుర్తులు వేశారు. అస్సాం దిక్కున రోడ్డు పని ఉంది, గొడ్డలి పట్టగలిగిన మొగవాళ్ళు కావాలని. ఆమె అన్న జోగయ్య అట్లా భద్రాచలంలో లాంచీ ఎక్కాడు. పెళ్ళి కాని వయసు. సిపాయి కాదు, కూలీ.

జోగయ్య తిరిగి రాలేదు. ఆయనతో పోయిన సోమయ్య ఒక్కడే వచ్చాడు, మిలట్రీ కోటు వేసుకుని, చలిజ్వరంతో వణుకుతూ. జపాను వాళ్ళు చుట్టుముట్టారని, కోహిమా అనే కొండ మీద తాగడానికి నీళ్ళు లేవని, జోగయ్య నీళ్ళ డబ్బా ఎత్తుకుని పైకి పోయి మళ్ళీ దిగలేదని చెప్పాడు. ఆ జ్వరంతోనే కొన్నాళ్ళకు చనిపోయాడు. ఆ తర్వాత కూలీలను తీసుకుపోయిన మేస్త్రీ మనిషి ఊళ్ళోకి వచ్చి, జోగయ్య పని వదిలి పారిపోయాడనీ, తేయాకు తోటల్లో ఎవరినో కట్టుకుని ఉండిపోయాడనీ చెప్పి పోయాడు. గూడెం రెండో మాటనే నమ్మింది. వానాకాలమంతా కుండపోతగా కురిసే అస్సాంలో నీళ్ళు దొరకవంటే ఎవరు నమ్ముతారు? సోమయ్యది జ్వరం మాట అన్నారు.

ఆ నమ్మకం వల్ల జోగయ్యకు జరిగిన అన్యాయం ఏమిటో మా వాళ్ళ పద్ధతి తెలిస్తే తప్ప అర్థం కాదు. మాలో పెద్దలు పోతే ఊరి చివర రాళ్ళగడ్డ మీద వాళ్ళ పేర ఒక రాయి నిలుపుతారు. రాయి నిలిపితేనే పోయినవాడు పెద్దల్లో కలిసినట్టు. కొత్త పంట ఇంటికి వచ్చినప్పుడు కొత్తల పండగ చేస్తారు. ఆ రోజు వంశంలో పెద్దవాడు పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలుస్తూ కొత్త బియ్యం ముద్దలు పెడతాడు, ఆ తర్వాతే బతికున్నవాళ్ళు తినాలి. రాయి లేనివాడి పేరు పిలవరు. పేరు పిలవనివాడికి ముద్ద లేదు. జోగయ్య చచ్చినవాళ్ళలో లేడు, బతికినవాళ్ళలో లేడు. నాయనమ్మ పెళ్ళై మా గూడెం వచ్చాక కూడా ప్రతి ఏడూ పుట్టింటి కొత్తలకు పోయేది. పేర్లన్నీ అయ్యాక లేచి, తన విస్తట్లోంచి ఒక ముద్ద తీసి వాకిలి బయట విడిగా మోదుగాకులో పెట్టి వచ్చేది. ఎవరికని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. అందరికీ తెలుసు, కుక్కలకు కూడా తెలుసు.

ఇక ఒక మధ్యాహ్నం నేను చదివిన వాక్యం ఇది. ఇంఫాల్, కోహిమాల దగ్గర జపాను సేనలు ఓడి వెనుదిరగడం ఆసియాలో యుద్ధాన్ని మలుపు తిప్పింది. స్టాలిన్‌గ్రాడ్‌కు రెండు పేజీలు ఇచ్చిన పుస్తకం దీనికి ఒక్క వాక్యం ఇచ్చింది. నాయనమ్మ చేతిలో ఆకు కట్ట ఆగిపోయింది.

"ఏం పేరన్నవ్?"

"కోహిమా."

"ఆ కొండ మీద నీళ్ళున్నయా లేవా, సూడు."

"అది రాయలేదు నాయనమ్మా."

"రాయకపోతే తెల్సినోన్ని అడుగు. నీకు సదువు చెప్పిన సారుకు తెల్వదా?"

సర్టిఫికెట్టు తెచ్చుకోవడానికి ఎట్లాగూ ఖమ్మం పోవాలి. మా చరిత్ర లెక్చరర్ పాతకాలం మనిషి, ఎవరేమడిగినా కుర్చీ చూపించి కూర్చోబెట్టి చెప్పేవాడు. నేను నీళ్ళ సంగతి ఎత్తనే లేదు, కావాలనే. కోహిమాలో ఏం జరిగింది సార్ అని మాత్రం అడిగాను. ఆయన బల్ల మీద డస్టరును కొండగా పెట్టి, చుట్టూ సుద్దముక్కలు పేర్చి చెప్పుకొచ్చాడు. కొండ మీద చిక్కుకున్నవాళ్ళను జపాను వాళ్ళు అన్ని వైపులా మూసేశారనీ, నీళ్ళు వచ్చే దారి తెగిపోయి పైనున్నవాళ్ళు గుక్కెడు నీటికి అల్లాడారనీ, కొలిచి పోసుకున్నారనీ అన్నాడు. కూలీలు కూడా ఉన్నారా సార్ అంటే, "ఉండకుండా ఎట్లా ఉంటారమ్మా? మోసేవాళ్ళు లేకుండా యుద్ధం ఎక్కడ జరిగింది?" అన్నాడు. బస్సులో వైరా దాటేదాకా కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉన్నాను. చూసినవాళ్ళు పరీక్ష తప్పిందనుకుని ఉంటారు.

నాయనమ్మ మాత్రం ఏడవలేదు. నేను చెప్పిందంతా విని, ఒక్క మాట అడిగింది. "జపానోళ్ళు ఆణ్నించే ఎనక్కి పోయిన్రా?"

"అవ్. అక్కడి నుంచే ఓడుకుంటూ పోయిన్రు."

"అయితే మా అన్న ఉర్కలే. గెలిచినోళ్ళ దిక్కున నిలబడి పోయిండు." చేతిలో కట్ట ముడి వేసి పక్కన పెట్టింది. "పద, మా ఊరికి పోదాం."

మా నాయన భయస్తుడు. పుట్టింటి వాళ్ళతో పేచీ ఎందుకని ఒకటే నసిగాడు. "నువ్వు రాకపోతె నేనూ నా మనవరాలు పోతం. కట్టలు నువ్వే కట్టుకో" అంది. ఆయన చెప్పులేసుకున్నాడు. భద్రాచలం దాకా బస్సు, అక్కడి నుంచి జీపు, చివర నడక. దారి పొడవునా ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు, అది మంచి గుర్తు కాదని నాయన నా చెవిలో అన్నాడు.

అక్కడ గూడెం పెద్ద ఎర్రయ్య. జోగయ్యకు తమ్ముడి వరస అయినవాడి కొడుకు, అంటే నాయనమ్మకు మేనల్లుడు. మంచివాడే, కానీ పద్ధతి అంటే ప్రాణం. ఇంటి ముందు పనస చెట్టు కింద పెద్దమనుషులను కూర్చోబెట్టి, మాకు జీలుగు కల్లు పోయించి, ఆమె చెప్పిందంతా విన్నాడు. నేను కూడా పుస్తకం తెరిచి వాక్యం చదివి, లెక్చరర్ చెప్పింది చెప్పాను.

"గా పుస్తకంల జోగయ్య పేరుందా బిడ్డా?" అని అడిగాడు ఎర్రయ్య.

"లేదు మామా."

"మరి ఎట్ల నమ్మాలె?"

నేను నోరు తెరిచేలోపల నాయనమ్మ అందుకుంది. "పేరెందుకుంటది? సిపాయిల పేర్లే లేవంట, కూలోని పేరుంటదా? గుండ్లు మోసెటోడు లేంది సిపాయి ఏంది కాల్చేది? నీళ్ళు మోసెటోడు లేంది ఏంది బతికేది?"

"అది కాదత్తా. సచ్చినట్టు సూసినోళ్ళు లేరు గద."

"బతికున్నట్టు సూసినోళ్ళున్నరా? ఉంటె తీస్కరా, నేను గమ్మున పోత."

ఒక ముసలాయన దగ్గి, ఇంకో చిక్కు బయటికి తీశాడు. రాయిని లాగి నిలిపేది వంశంలో మొగవాళ్ళు. జోగయ్యకు కొడుకు లేడు, సొంత అన్నదమ్ములు లేరు. ఉన్నది ఒక చెల్లెలు, ఆమె పెళ్ళై వేరే గట్టు మనిషి, అంటే వేరే వంశం మనిషి అయిపోయింది. వేరే గట్టు ఆడది ఈ రాళ్ళగడ్డ మీద రాయి నిలపడం తాతల నాటి నుంచి లేదు. ఎర్రయ్య చేతులు జోడించాడు. "నువ్వు మా ఇంటి ఆడబిడ్డవు అత్తా. చీర పెడ్త, సారె పెడ్త. రాయి మాత్రం నాతోని కాదు."

"చీర నీ పెండ్లానికి పెట్టు," అని లేచింది. "నువ్వు నిలపకపోతె నేను నిలుపుత. నన్ను ఆపెటోడెవడో ఆడికి రమ్మను."

వాగులో దిగి రాయి వెతుక్కుంది. చిన్న రాయి చూపించి ఇది చాలదా అమ్మా అన్నాడు నాయన. "మా అన్న గిద్దెడు మనిషా?" అని కసిరింది. ఆమె ఎంచుకున్నది నా గుండెల ఎత్తు నల్లరాయి, అంచులు వాగు నీళ్ళకు నునుపెక్కినది. దాన్ని కదిలించడం మా ముగ్గురి వల్లా కాదు. గూడెం మొగవాళ్ళు గట్టు మీద నిలబడి చూస్తున్నారే గానీ ఒక్కడూ దిగలేదు. ఎర్రయ్య మాట దాటరు. ఆమె రాయి పక్కన ఇసుకలో కూర్చుంది. అక్కడే కూర్చుంటానంది.

అవి విత్తనాల పండగ రోజులు. తొలకరికి ముందు విత్తనాలకు పూజ చేసే ఆ పండక్కి, పెళ్ళిళ్ళై వేరే గూడేలకు పోయిన ఆడబిడ్డలంతా పుట్టింటికి వస్తారు. వాళ్ళు నీళ్ళకు వాగులోకి దిగారు. ముసలామె ఎండలో రాయి పక్కన కూర్చోవడం చూసి ఏమిటని అడిగారు. నాయనమ్మ చెప్పింది. ఒకామె, నా ఈడుదే, చంకలో పిల్ల ఉంది, బిందె కింద పెట్టి అంది, "ఓయమ్మ, గట్లయితే రేపు మా అన్నదమ్ములకేమన్నయితే మేము గూడ ఏమనొద్దా? ఈడ పుట్టలేదా మేము?" ఇంకొకామె అప్పటికే అడ్డతీగ కోసుకురావడానికి పోయింది. కట్టెల మోపులు మోసే చేతులవి, ఎవరూ నేర్పాల్సిన పని లేదు. పంగల కొయ్య ఒకటి వెతికి, రాయిని దాని మీదికి దొర్లించి, తీగలు కట్టారు. నేనూ ఒక తీగ పట్టుకున్నాను. నాయన కూడా వచ్చి పట్టుకోబోతే నాయనమ్మ వద్దంది. "నువ్వు వేరే గట్టోనివి. ఈడ పుట్టినోళ్ళు గుంజుతరు" అంది. మరి నేను కూడా వేరే గట్టే కదా అంటే, "నీకు పుస్తకం హక్కున్నది, గుంజు" అంది.

వాగు గట్టు ఎక్కించేటప్పుడు రెండుసార్లు జారింది. గట్టు మీద మొగవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి జరిగి దారి ఇచ్చారు. ఎర్రయ్య ఎదురొచ్చి నిలబడ్డాడు. తీగ పట్టుకున్నవాళ్ళలో ఆయన సొంత చెల్లెళ్ళు ఇద్దరున్నారు. చిన్నామె ఆయన ముఖంలోకి చూసి, "జరుగన్నా, కాలు మీద పడ్తది" అంది. ఆయన జరిగాడు. రాళ్ళగడ్డ మీద గుంట తవ్వి, రాయి నిలబెట్టి, చుట్టూ మట్టి దట్టించాం. మొగవాళ్ళు చేసే తంతు ఏదీ చెయ్యలేదు, చెయ్యడానికి వాళ్ళు రాలేదు. నాయనమ్మ సొరకాయ బుర్ర నిండా వాగు నీళ్ళు తెప్పించింది. రాయి నెత్తి మీద నుంచి పోస్తూ పోస్తూ, అప్పటిదాకా ఏడవని మనిషి భోరుమంది. "తాగు అన్నా. కడుపు నిండ తాగు. ఎవ్వలకు మోస్కపోయేది లేదు, ఇయ్యన్ని నీయే."

ఇప్పుడు నాకు నలభై దాటాయి. పిల్లలకు చరిత్ర చెప్తాను, వాళ్ళు ఫోన్లో యుద్ధాలు చూస్తారు. ఎక్కడో కొండ మీద పడిన బాంబు మా దమ్మపేట టీ కొట్లో అదే క్షణం కనిపిస్తుంది, టీ తాగడం అయ్యేలోపు మరిచిపోతారు. మా నాయనమ్మ పుట్టింటికి ఒక్క మనిషి కబురు వచ్చి, అది నిజమా కాదా తేలడానికి ఒక జీవితం పట్టింది. అయినా ఆమె మరవలేదు. మా గూడెం చుట్టూ ఉన్న అడవిని పామాయిల్ తోటలు మింగేశాయి. ఇప్పపూల వాసన కావాలంటే ఆటో కట్టించుకుని పోవాలి. ఆ రోజులు గొప్పవని నేననను. ఆ చలిజ్వరాలు, ఆ సగం చీరలు ఎవరికీ వద్దు. కానీ అప్పటి మనుషులు పోయినవాడి కోసం పోట్లాడేవాళ్ళు. ఇప్పుడు సభల్లో లేచి మాట్లాడితే పక్కవాళ్ళు కొంగు లాగుతున్నారు. లాగనీ. మా ఇంటి ఆడవాళ్ళు రాళ్ళు లాగినవాళ్ళు.

రాయి నిలబెట్టినంత మాత్రాన అంతా అయిపోయిందనుకుంటే పొరపాటు. ఆ ఏటి కొత్తలకు ఎర్రయ్య పేర్లన్నీ పిలిచి, జోగయ్య పేరు వదిలేశాడు. నాయనమ్మ ఆడవాళ్ళ వరసలో కూర్చున్న చోటు నుంచే గట్టిగా, "జోగయ్యా!" అని అరిచి, తన ముద్ద తనే పెట్టింది. ఈసారి వాకిలి బయట కాదు, లోపల, అందరి ముద్దల మధ్య. ఎర్రయ్య విననట్టే ఉన్నాడు. కానీ ఆ ముద్దను తీసెయ్యమని కూడా అనలేదు.

మరుసటి ఏడు ఆమెకు నడక పోయింది. అయినా పట్టు విడవలేదు, ఆటోలో పడుకోబెట్టి, చివరి నడక దారి మోసుకుని తీసుకుపోయాం. లోపల నాయన భుజానికి ఆనించి కూర్చోబెట్టాం. కొత్త బియ్యం అన్నం పొగలు కక్కుతోంది, పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. ఎర్రయ్య ఒక్కో పేరూ పిలిచి ముద్ద పెడుతూ వచ్చాడు. తాతల పేర్లు, తండ్రి పేరు, బాబాయిల పేర్లు అన్నీ అయ్యాయి. చేతిలో ఇంకో ముద్ద మిగిలింది. ఆయన తల ఎత్తకుండా, "జోగయ్య" అని పిలిచి ఆ ముద్ద కింద పెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. నాకైతే ఎగిరి గంతెయ్యాలనిపించింది.

నాయనమ్మ చేతికర్రతో నేల మీద కొట్టింది.

"ఆగు ఎర్రయ్యా. మా అన్న మీ నాయిన కంటె పెద్దోడు. పెద్దోన్ని తీస్కపోయి చిన్నోళ్ళ ఎనక నిలబెడ్తవా? మొదలుకాడ్నించి పిలువు."

"అత్తా, అన్నం సల్లారుతున్నది. పోరగాండ్లు ఏడుస్తున్రు."

"ఏడ్వనీ."

ఎర్రయ్య పెట్టిన ముద్దలన్నీ ఒక్కొక్కటే తిరిగి ఎత్తి ఆకులో వేసుకుని, చేతులు కడుక్కుని వచ్చి, గొంతు సవరించుకుని, మళ్ళీ మొదటి నుంచి పిలవడం మొదలుపెట్టాడు.